ఒంటిపూట కొలువు

పోయిన వారం తరైవినిని మనం తెల్లవారుజామున బావ పెథెలి ట్రక్కు ఎక్కించి టౌనుకి పంపేసి ఊరుకున్నాం. కర్రపెండలం బస్తాల మధ్య ఒదిగి కూర్చుని, దారి పొడుగునా ఒకటే మాట నోట్లో నానబెట్టుకుంటూ వెళ్ళింది. "అయ్యా, నాకు పూర్తి ఉద్యోగం వద్దు, సగం చాలు."

ఆ మాట శుక్రవారమే అనేసి ఉంటే పోయేది. జిల్లా మత్స్యశాఖ ఆఫీసరు సకియుసాగారు తనని గదిలోకి పిలిచి, "నిన్నే తీసుకుంటున్నాం, పర్మినెంటు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా" అన్నప్పుడు అక్కడికక్కడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. తల వంచుకుని, మా ఆనవాయితీ ప్రకారం పుచ్చుకున్నట్టు చేతులు తట్టి, "సోమవారం వచ్చి మాట చెప్తానండి" అని వచ్చేసింది. ఇచ్చిన చేతిని అదే నిమిషంలో మళ్ళీ అడగడం మా ఫిజీ దీవుల్లో మర్యాద కాదు. ఈ మర్యాద ఎన్ని కొంపలు ముంచిందో రాయడం మొదలుపెడితే ఈ పత్రికలో పేజీలు చాలవు.

సగమే ఎందుకంటారా? ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం చెప్తాను. తరైవిని భర్త వైసాలే ఒకప్పుడు చేపలాంటివాడు. చైనా వ్యాపారులు ఎగబడి కొనే, సముద్రం అడుగున పాకే సముద్ర దోసకాయలనే జీవాల కోసం వీపున గాలి సిలిండరు కట్టుకుని లోతుకి దిగేవాడు. రెండేళ్ళ కిందట ఒకరోజు ఆశ కొద్దీ మరీ లోతుకి పోయి, గాలి అయిపోవస్తుంటే గబగబా పైకి తేలాడు. ఒడ్డుకి చేరేసరికి నడుం కింద ఒళ్ళు చచ్చుబడిపోయింది. అప్పట్నుంచీ మంచమే. అలా పడుకున్న మనిషిని కాసేపటికోసారి పక్కకి తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒళ్ళు చితికి పుండు పడుతుంది. నడుం దగ్గర ఒకటి పడనే పడింది. వారానికోసారి వచ్చే నర్సమ్మ దాన్ని చూసి, "ఇది ఎముక దాకా పోయిందంటే ఇంక నా చేతుల్లో ఉండదమ్మా" అంది.

ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు తిప్పలేరా అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఆస్పత్రికి దగ్గరని వైసాలే తన దీవి వదిలి భార్య ఊరికి వచ్చాడు. ఇక్కడున్నవాళ్ళంతా అత్తింటివాళ్ళే. మామలు, అత్తలు, బావమరదులు, మరదళ్ళు. అల్లుడి బట్ట తప్పించి పుండు కడిగే వరస వాళ్ళలో ఏ ఒక్కరికీ లేదు. తిండి పెడతారు, కట్టెలు కొట్టిస్తారు, పక్కన కూర్చుని పాటలు పాడతారు. దుప్పటి ఎత్తేది మాత్రం తరైవిని ఒక్కతే.

పొద్దుటి పూట వరకైతే బోర్లా పడుకోబెట్టి వెళ్ళొచ్చని నర్సమ్మే చెప్పింది. మధ్యాహ్నం ట్రక్కుకి తిరిగొచ్చేస్తే జీతమూ దక్కుతుంది, మొగుడూ దక్కుతాడు. చీకటితో వెళ్ళి చీకటితో వస్తే మాత్రం మొగుడు దక్కడు. ఇదీ తరైవిని లెక్క. రెండో పూటకి మనిషిని కూడా తనే వెతుక్కుంది. ఇంటర్వ్యూలో తన తర్వాత నిలిచిన లైసానికి చంటిపిల్ల ఉంది, ఆమెకీ సగమైతేనే వీలు. శుక్రవారం సాయంత్రమే ఇద్దరూ అనుకున్నారు.

ఇక సకియుసాగారి గదిలోకి వెళ్దాం. ఆయన చెడ్డవాడు కాదు. ముందే చెప్తున్నాను, ఈ వారం చెడ్డవాళ్ళ కోసం వెతక్కండి, ఒక్కడూ దొరకడు.

"రా తల్లీ, రా! కూర్చో. టీ తాగుతావా? ఇంకా ఏంటమ్మా మొహమాటం, రేపట్నుంచీ మా మనిషివే కదా!"

ఆయన లేచి రెండు చేతులూ చాచాడు. గీతల చొక్కా, ఇస్త్రీ చేసిన బూడిదరంగు సులు లుంగీ, నూనె రాసుకుని మెరుస్తున్న పిక్కలు. గోడ మీద ఏ చేప ఎంత పొడుగుంటే పట్టొచ్చో చూపించే బొమ్మల పటం ఉంది. తరైవిని ఆ పటం వైపు చూస్తూ కుర్చీ అంచున కూర్చుంది.

"అయ్యా, ఒక మాట అడుగుదామని వచ్చాను."

"అడుగు."

"నాకు పూర్తి రోజు కుదరదండి." అంతసేపు నానబెట్టిన మాట కదా, ఒక్కసారిగా జారిపోయింది. "పొద్దున్నే వచ్చేస్తాను, అందరికన్నా ముందే వస్తాను. మధ్యాహ్నం ట్రక్కుకి వెళ్ళిపోతాను. మిగతా పూట లైసాని చూసుకుంటుంది. తనతో మాట్లాడాను, ఒప్పుకుంది. జీతం చెరి సగం. పనిలో ఏ తేడా రానివ్వం. కావాలంటే శనివారం కూడా వస్తాను. మా ఆయన సంగతి మీకు తెలుసు కదండీ, పొద్దస్తమానం వదిలేస్తే..."

సకియుసాగారి నవ్వు మెల్లమెల్లగా తగ్గింది. చేతిలో కప్పు కింద పెట్టాడు.

"ఇది మీ పెదనాన్నకి తెలుసా?"

"ఏదండీ?"

"నువ్వు సగం అడుగుతున్నట్టు."

"లేదండి. ముందు మీతో మాట్లాడి ఆ తర్వాత..."

"అయ్యో తల్లీ" అన్నాడాయన. అని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"శనివారం మీ పెదనాన్న ఇసికేలి మా ఇంటికొచ్చాడు. మీ వంశం పెద్దలిద్దరు వెంట ఉన్నారు. చాప మీద కూర్చుని, నా ముందు తంబువా పెట్టాడు."

తంబువా అంటే తిమింగలం పన్ను. నూనె పట్టీ పట్టీ తేనెరంగుకి తిరిగి, అల్లిన తాడుతో రెండు చేతుల మీద వస్తుంది. పిల్లనివ్వడానికైనా, తప్పు ఒప్పుకోవడానికైనా, శవాన్ని సాగనంపడానికైనా దాని మీద అన్న మాటే మాట. పుచ్చుకున్నవాడు చేతులు తట్టాడంటే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ కట్టుబడినట్టే. సర్కారు ఉత్తర్వులు ఏడాదికి రెండుసార్లు మారతాయి. ఇది మారదు.

"ఏమన్నాడండీ?" అంది తరైవిని.

"'మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నాం, సగంగా కాదు, మొత్తంగా. పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా మీ పిల్లే' అన్నాడు. సగంగా కాదు అని ఎందుకన్నాడో నాకప్పుడు తెలీలేదు. ముసలాయన మాట ఎంత బాగా కూర్చాడో అనుకున్నా. నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. పుచ్చుకున్నాను. ఆ ఊపులోనే పైవాళ్ళకి ఫోన్ చేసి, అమ్మాయి ఒప్పుకుంది, పూర్తి కాలం అని చెప్పేశాను. లైసానికి కూడా లేదని చెప్పేశాం."

"లైసాని ఏమంది?"

"నిన్నటి ఓడకి రాజధాని సువా వెళ్ళిపోయింది. ఆడబడుచు దగ్గర ఏదో పని చూసుకుంటుందట."

"పిలిపిద్దామండీ. నేను ఫోన్ చేస్తే వస్తుంది."

"వస్తుంది. ఒక కొలువు ఇద్దరికి పంచడం మాకు కొత్తేం కాదు. శుక్రవారం అడిగుంటే నవ్వుతూ ఇచ్చేవాణ్ణి." ఆయన మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు సగం ఇచ్చాననుకో, మీ పెదనాన్న నోటి మాటని సగం చేసినట్టు. పెద్దమనిషి మొహాన కొట్టినట్టు. నా వల్ల కాదు తల్లీ."

"ఉద్యోగం నాది కదండీ. నా మాటకి విలువ లేదా?"

"ఉంది. తంబువా కన్నా ఎక్కువ మాత్రం లేదు. ఇంత ఆఫీసులో కూర్చున్న నాకే లేదు, నీకెక్కణ్ణుంచి వస్తుంది?"

తరైవిని కళ్ళలో నీళ్ళు చూసి ఆయన ఇబ్బందిగా కదిలాడు. గొంతు తగ్గించి ఉన్న ఒక్క దారీ చెప్పాడు. ఇసికేలి మళ్ళీ రావాలి. ఇంకో తంబువా పెట్టి, ముందు అన్న మాట విప్పమని అడగాలి. అడిగితే తను కాదనడు, కాదనకూడదు కూడా. కానీ అది ఇవాళ సాయంత్రంలోగా జరగాలి. రేపు పొద్దున్న చేరే రోజు. రేపు రాకపోయినా, వచ్చి సగం అన్నా, కొలువు వద్దన్నట్టే పైవాళ్ళు తీసుకుంటారు.

మెట్లు దిగుతుంటే తరైవినికి ఒక సంగతి తెలిసొచ్చింది. సకియుసాగారు "నా వల్ల కాదు" అన్న క్షణంలో, ఏడుపు రావడానికి సరిగ్గా ముందు, గుండెలో ఎక్కడో చిన్నగా హాయి అనిపించింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈ ఫ్యాను కింద, ఈ బొమ్మల పటం పక్కన, చీము వాసన లేని గదిలో కూర్చోవచ్చు, అది తన తప్పు కూడా కాదు. ఛీ అనుకుంది. అనుకున్నంత మాత్రాన అది పోలేదు.

మార్కెట్ దగ్గర పెథెలి ట్రక్కు బానెట్ మీద ఎక్కి కూర్చుని రొట్టె తింటున్నాడు. మేనత్త కొడుకు. వరసైన బావ కాబట్టి ఎంత మాటైనా అంటాడు, ఎంత మాటైనా పడతాడు.

"ఏమ్మా ఆఫీసరమ్మా, ముందు కూర్చుంటావా, వెనక బస్తాల్లో కూర్చుంటావా? సర్కారువాళ్ళని బస్తాల్లో పడేస్తే నా లైసెన్సు పీకేస్తారేమో!"

"నోర్ముయ్ బావా."

"అబ్బో! ఇంకా చేరనే లేదు, అప్పుడే అధికారం."

తరైవిని ముందు సీటెక్కి తలుపు గట్టిగా వేసింది. పెథెలి మొహం చూసి, రొట్టె కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. టౌను దాటాక తరైవిని అడిగింది.

"శనివారం పెదనాన్నని టౌనుకి తెచ్చింది నువ్వేనా?"

"నేనే. ఇంకెవడికుంది ట్రక్కు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నాడే మామయ్య. నీకు సంబరంగా ఉంటుంది, ముందే చెప్పకూడదు కాబోలు అనుకున్నా."

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు నోరు మూసుకున్నది ఈ ఒక్కసారే. అదే నా కొంప ముంచింది."

పెథెలి కొండ మలుపులో గేరు మార్చి, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "ఒక్కటి మాత్రం నాకు అప్పుడే తేడాగా అనిపించింది. శుభమా అని తంబువా పట్టుకెళ్తున్న మనిషి కదా, నవ్విద్దామని ఏదో అన్నాను. పలకలేదు. శవం లేచిన ఇంటికెళ్తున్నట్టు కూర్చున్నాడు, వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే."

ఊరు చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. ఇంటికి వెళ్ళకుండా నేరుగా పెదనాన్న వాకిట్లోకి నడిచింది. ఇసికేలి రేకుల పంచలో కూర్చుని చామదుంపలు చెక్కు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"వచ్చావా."

తరైవిని కూర్చుంది. ఎంత కోపం వచ్చినా పెద్దల ముందు నిలబడి మాట్లాడరు. కూర్చునే అడిగింది. "ఎవరు వెళ్ళమన్నారు పెదనాన్నా? నన్ను మొత్తంగా ఇచ్చెయ్యమని నీకెవరు చెప్పారు?"

"మీ నాన్న ఉంటే ఏం చేసేవాడో అదే చేశా."

"మా నాన్న ఉంటే నన్నడిగేవాడు."

ముసలాయన మళ్ళీ దుంప తిప్పుకున్నాడు. తరైవిని ఊపిరి తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పింది. లైసాని వెళ్ళిపోయింది, రేపు చేరకపోతే కొలువు పోతుంది, చేరితే మనిషి పోతాడు, ఇవాళే వెళ్ళి విప్పమని అడగాలి, బావ ట్రక్కు ఆపి ఉంచాడు, లే పెదనాన్నా, లే.

"దేంతో విప్పమంటావు? వట్టి చేతులూపుకుంటూ వెళ్ళనా?"

"పెట్టెలో ఇంకోటి ఉంది కదా."

"అది మీ పెద్దమ్మ చావుకి వెళ్ళిపోయింది. నా ఇంట్లో ఇప్పుడేం లేవు."

"మరి శనివారం పట్టుకెళ్ళింది?"

ఇసికేలి కత్తి పక్కన పెట్టాడు. మొదటిసారి తల ఎత్తి చూశాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది నాది కాదు తల్లీ. నీ మొగుడిది."

తరైవినికి మాట తలకెక్కలేదు.

"శనివారం పొద్దున్న నువ్వు ఏటికి బట్టలు ఉతకడానికెళ్ళావు చూడు, అప్పుడు కబురంపాడు. మంచం కింద నుంచి మూట తీయించాడు. వాళ్ళమ్మ పోతూ పోతూ వాడి చేతికిచ్చిందట. పడుకున్న చోటు నుంచే రెండు చేతుల మీద పెట్టి నా ముందుకు చాచాడే! 'మామయ్యా, తరై సోమవారం వెళ్ళి సగం అడుగుతుంది. అది అడిగేలోపు నువ్వెళ్ళి మొత్తం ఇచ్చెయ్యి. ఇదే నా కోరిక' అన్నాడు. లేవలేని మనిషి, ఇంటల్లుడు, తల్లి ఇచ్చిన తంబువా పెట్టి అడుగుతున్నాడు. కాదనమంటావా? ఏ పుట్టుక పుట్టినవాడు కాదనగలడు దాన్ని?"

"పుచ్చుకున్నావా?"

"పుచ్చుకున్నాను. చేతులు తట్టాను. వాడు వదిలితే తప్ప నేనూ కదలలేను." ముసలాయన మళ్ళీ కత్తి అందుకున్నాడు. "వెళ్ళు. వాడినే అడుగు. వాడు విప్పమంటే ఆఫీసరు కాళ్ళు పట్టుకునైనా విప్పిస్తాను."

అందరూ కట్టుబడ్డారు. ఆఫీసరు పెదనాన్నకి, పెదనాన్న వైసాలేకి. ఎవరి మర్యాద వాళ్ళు నిలబెట్టుకున్నారు. మధ్యలో ఉన్న ఆడమనిషిని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నాకు ఈ చోటికొచ్చేసరికి కలం విసిరికొట్టాలనిపిస్తుంది.

తరైవిని తన ఇంటికి వెళ్ళింది. పొద్దున్న పడుకోబెట్టినట్టే బోర్లా ఉన్నాడు వైసాలే. చేతులు కడుక్కుంది. దుప్పటి తీసి, కట్టు విప్పి, వేడినీళ్ళతో పుండు తుడిచి, కొత్త గుడ్డ పెట్టి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి ఎడమ పక్కకి తిప్పింది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. ఎంత కోపంగా ఉన్నా చేతులు మాత్రం మెత్తగానే పని చేశాయి.

"ఎందుకు చేశావు?"

అతను గోడ వైపు చూస్తున్నాడు. ఏం అడుగుతోందో తెలియనట్టు నటించలేదు.

"మామయ్య చెప్పేశాడా? ఒక్కరోజు ఆగలేకపోయాడు ముసలాడు."

"నవ్వులాట ఆపు. ఎందుకు చేశావు?"

"ఎన్నేళ్ళు తిప్పుతావే నన్నిలా? పెనం మీద రొట్టె తిప్పినట్టు? ఇంకో ఇరవై ఏళ్ళా? ముప్ఫయ్యా?"

"తిప్పుతాను. నీకేం పోయింది? తిప్పేది నేను, నొప్పి నాది."

"శుక్రవారం నువ్వు టౌను నుంచి వచ్చావు" అన్నాడు వైసాలే. "వంటపాకలో పెండలం ఉడకేస్తూ పాట పాడావు."

"నేనా? నేనెక్కడ పాడాను?"

"పాడావు. నీకు తెలీదు. పెళ్ళికి ముందు పాడేదానివి చూడు, చర్చి పాటకి కొంటె మాటలు కట్టి, అది. రెండేళ్ళయింది నేనది విని. అంతా పాడావు. తర్వాత నా పక్కకొచ్చి కూర్చుని, సోమవారం వెళ్ళి సగం అడుగుతానని చెప్పావు. చెప్తుంటే నీ మొహం మళ్ళీ మామూలైపోయింది." దిండు సరిచేసుకున్నాడు. "సగం ఇస్తే నువ్వు మధ్యాహ్నం ట్రక్కుకి పరిగెత్తుకొస్తావు. వస్తావని తెలుసు. అందుకే ఆ దారి మూయించాను."

తరైవిని మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయింది. అబద్ధం అందామంటే ఆ పాట నిజంగానే నోటికొచ్చేలా ఉంది.

"దారి మూస్తే నువ్వేమైపోతావురా?" ప్రేమ ముదిరినప్పుడూ కోపం ముదిరినప్పుడూ అతన్ని రా అంటుంది. "రేపు నేనెళ్ళిపోతే చీకటి పడేదాకా నిన్నెవరు చూస్తారు? ఆ పుండు ఎముక దాకా పోదా?"

"నేనిక్కడుంటే కదా."

"అంటే?"

"అన్నయ్యకి ఫోన్ చేశాను. పడవ తీసుకొస్తున్నాడు. మా దీవికి వెళ్ళిపోతాను."

"మీ దీవిలో నర్సు లేదు."

"మా వదినుంది."

"మీ వదినకి ఆరుగురు పిల్లలు. కట్టు ఎలా కట్టాలో ఆవిడకి తెలుసా? మూత్రం గొట్టం మార్చడం తెలుసా? నీ ఒంటి మీద ఆవిడ చెయ్యి పడనిస్తావా నువ్వు? ఎవరు చూస్తారక్కడ? చెప్పు, ఎవరు?"

వైసాలే కళ్ళు మూసుకున్నాడు.

"చావడానికి వెళ్తున్నావు" అంది తరైవిని.

కాదనలేదు. "మా అమ్మ పక్కన ఇంత చోటుంది. పెద్ద చోటేం అక్కర్లేదు" అన్నాడు. అది కూడా నవ్వుతాలుకే అనబోయాడు, కుదరలేదు. అప్పుడు ఏడ్చాడు. ఈ రెండేళ్ళలో అతను ఏడవడం తరైవిని చూడలేదు. తువ్వాలు తీసుకుని మొహం తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. పిరికివాడన్నది, దొంగన్నది, తల్లి ఇచ్చిన సొత్తుతో చావు కొనుక్కున్న వెధవన్నది. అతను అన్నిటికీ "ఊ" అన్నాడు.

"విప్పమని చెప్పు పెదనాన్నకి. ఒక్క మాట. టైముంది ఇంకా."

"చెప్పను."

"నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకో. నాకేం తెలుస్తుంది?"

అదే పాత వైసాలే. ఎంత ఏడుపులోనైనా ఇంత పుల్లవిరుపు. తరైవినికి నవ్వూ ఏడుపూ కలిసి ఊపిరాడలేదు. తలని అతని అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. చెయ్యి ఇంకా బలంగానే ఉంది, దిగేవాడి చెయ్యి.

ఒడ్డున పడవ ఇంజను ఆగిన చప్పుడు వినబడింది.

వైసాలే అన్న ఎమోసి పొడుగ్గా, నల్లగా, ఉప్పునీళ్ళు కారుతూ గుమ్మం దగ్గర వంగి లోపలికొచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. తరైవినికేసి చూడలేదు, మంచం వైపు చూశాడు. తమ్ముడి కాళ్ళు ఎంత సన్నబడ్డాయో చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇసికేలికి కబురు వెళ్ళింది. ముసలాయన ఒళ్ళు తుడుచుకుని, మంచి సులు కట్టుకుని వచ్చి, చాప మీద పెద్దలు కూర్చునే పై భాగంలో కూర్చున్నాడు. పెథెలి కూడా వచ్చి తలుపు పక్కన నక్కాడు. ఇవాళ అతని దగ్గర జోకుల్లేవు.

మా దగ్గర చుట్టమైనా సరే చెప్పాపెట్టకుండా ఊరు విడిచి పోడు. నూరి నీళ్ళలో కలుపుకుని తాగే యాంగోనా వేళ్ళ కట్ట తెచ్చి ఇంటిపెద్ద ముందు పెట్టి సెలవడగాలి. పెద్ద ఆ కట్ట తాకి చేతులు తట్టాడా, సెలవిచ్చినట్టు. ఆ తర్వాత ఎవరూ ఆపడానికి లేదు, ఆగడానికీ లేదు.

ఎమోసి కట్టని ముందు పెట్టాడు. తల వంచి మొదలుపెట్టాడు. "పెద్దలకి దండం. మా తమ్ముణ్ణి రెండేళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. మీ పిల్ల చేతుల్లో వాడికి ఏ లోటూ రాలేదు. ఆ రుణం మా వంశం తీర్చుకోలేదు. ఇప్పుడు వాణ్ణి మా గాలికి, మా మట్టికి తీసుకెళ్ళాలని వచ్చాం. పోటు దిగిపోకముందే పగడపు దిబ్బ దాటాలి. సెలవిప్పించండి."

ఇసికేలి కట్ట వైపు చూశాడు. తాకక తప్పదు. పుచ్చుకోనంటే వియ్యాలవారిని వాకిట్లోంచి గెంటినట్టే. మోకాళ్ళ మీదున్న చేతులు లేచాయి.

"పెదనాన్నా."

యాంగోనా ముందుంటే పెద్దలు తప్ప ఎవరూ మాట్లాడరు. ఆడవాళ్ళైతే అసలే మాట్లాడరు. పెథెలి కంగారుగా "తరై, వద్దే" అన్నాడు. ఎమోసితో వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. తరైవిని మంచం పక్క నుంచి మోకాళ్ళ మీదే జరుగుతూ చాప మధ్యకి వచ్చింది.

"శనివారం నన్నడక్కుండా నన్నిచ్చేశావు. ఇవాళ నన్నడక్కుండా నా మొగుణ్ణి ఇచ్చెయ్యకు. అడుగు. మీ అందరిలో ఒక్కరైనా, ఒక్కసారైనా నన్నడగండి."

ఇసికేలి చేతులు గాల్లోనే ఆగాయి. వియ్యాలవారి ముందు పరువు పోయినట్టే. ముసలాయన మొహం నల్లబడింది, తర్వాత ముడతలన్నీ ఒక్కసారిగా వదులైపోయాయి. చేతులు దించి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎమోసి వైపు నుంచి ఒళ్ళంతా ఆమె వైపుకి తిరిగాడు. తన వంశంలో ఎవరూ చెయ్యని పని చేశాడు.

"సరే తల్లీ. నువ్వు చెప్పిందే చేస్తాను. ఉంచుకుంటానంటే ఈ కట్ట వెనక్కిచ్చేస్తాను, వచ్చే మాట నేను పడతాను. అడుగుతున్నాను, చెప్పు. ఉంచుకుంటావా, పంపిస్తావా?"

అందరూ ఆమె వైపు చూశారు. వైసాలే ఒక్కడే చూడలేదు. తను పడుకోబెట్టిన ఎడమ పక్కనే, గోడ వైపు మొహం పెట్టి, ఊపిరి బిగబట్టుకుని వింటున్నాడు.

చెప్పాల్సింది ఒక్క మాట. పొద్దుట్నుంచీ అందరి మీదా పడి ఏడ్చింది ఆ మాట కోసమే.

తరైవిని నోరు తెరిచింది. ఆఫీసు మెట్ల మీద ఛీ అనుకున్న ఆ హాయి అడ్డుపడి, మాట రాలేదు.